అద్దె కంచె మీద టీషర్టు

డిగ్రీ అయ్యాక ఏం చేస్తావురా అంటే మా పక్కింటి కుర్రాడు "రియాలిటీ షో ప్రొడ్యూసర్ని అవుతా అంకుల్" అన్నాడు. దానికి ఏ కోర్సు చదవాలో తెలీక వాళ్ల నాన్న వాణ్ణి నా దగ్గరికి పంపాడు. పేపర్లో రాసేవాడికి అన్నీ తెలుస్తాయని ఆయన నమ్మకం. కోర్సు లేదు నాయనా, స్థలపురాణం ఉంది, కూర్చో అని అమెరికా రియాలిటీ షోల ప్రొడ్యూసర్ మార్క్ బర్నెట్ కథ మొదలుపెట్టాను.

1960లో లండన్‌లో పుట్టాడు. బ్రిటిష్ సైన్యంలో పారాచూట్ దళంలో చేరి ఫాక్‌లాండ్స్ యుద్ధానికి వెళ్లొచ్చాడు. 1982లో అమెరికా చేరితే అక్కడ దొరికిన పని, బెవర్లీ హిల్స్‌లో ఓ కలవారింట్లో పిల్లల్ని ఆడించడం. కుర్రాడు నవ్వాడు. నవ్వకు, అన్నాను. ఎదిగిన మనుషులు తిండి దగ్గర అలుగుతారు, దుప్పటి కోసం కొట్టుకుంటారు, "వాడు నన్ను అన్నాడు" అని ఏడుస్తారు. ఆయా అయితే ఓదారుస్తుంది. ప్రొడ్యూసర్ అయితే కెమెరాని ఇంకాస్త దగ్గరికి జరపమంటాడు. మిగతా పనంతా ఒకటే.

తర్వాత వెనిస్ బీచ్. అక్కడ ఓ కంచెలో కొంత ముక్క అద్దెకు తీసుకుని, శనాదివారాలు దానిమీద టీషర్టులు వేలాడేసి ఒక్కోటి 18 డాలర్లకి అమ్మాడు. ఇది రాసుకో, అన్నాను. కంచె మనది కాదు, బట్ట మనం నేసింది కాదు, వచ్చిపోయేవాళ్లు సముద్రం కోసం వచ్చినవాళ్లు. వేలాడేసిన తీరొక్కటే మనది.

ఆ తర్వాత బర్నెట్ చేసిందంతా అదే బేరం. ఫ్రెంచివాళ్ల సాహసయాత్రల పోటీలో పాల్గొని వచ్చి, 1995లో అమెరికాలో అలాంటిదే 'ఎకో ఛాలెంజ్' అని పెట్టాడు. 'సర్వైవర్' ఆలోచన చార్లీ పార్సన్స్ అనే బ్రిటిష్ ఆయనది. 1997లోనే అది స్వీడన్ టీవీలో ఆడేసింది. బర్నెట్ దాన్ని తెచ్చి 2000లో సీబీఎస్ టీవీ కంచెకి తగిలించాడు. బోర్నియో తీరంలో పులావ్ టిగా అనే దీవి, 16 మంది, 39 రోజులు, చివరికి మిగిలినవాడికి 10 లక్షల డాలర్లు. వాళ్లు ఎలుకల్ని కాల్చుకు తిన్నారు. ఆఖరి ఎపిసోడ్‌ని 5 కోట్ల మందికి పైగా చూశారు. దీవిలో అందర్నీ బోల్తా కొట్టించి గెలిచిన రిచర్డ్ హాచ్, ఇన్‌కమ్‌ట్యాక్స్ వాళ్లని మాత్రం బోల్తా కొట్టించలేక 2006లో జైలుకెళ్లాడు.

కొన్ని దృశ్యాలు డూపులతో మళ్లీ తీయించానని బర్నెట్ 2001లో ఒప్పుకుంటే అమెరికావాళ్లు నోరెళ్లబెట్టారు. నాకైతే ఆశ్చర్యమనిపించలేదు. మా పెళ్లిలో తలంబ్రాలు రెండుసార్లు పోసుకున్నాం. "సార్, లైట్ మధ్యలోకి బావగారు వచ్చారు, ఇంకోసారి" అన్నాడు వీడియో ఆయన. పురోహితుడు కూడా ఏమీ అనలేదు. కింద పడ్డ బియ్యమే ఎత్తి మళ్లీ పళ్లెంలో పోశారు.

"అయితే ఫలితం కూడా వాళ్లే రాస్తారా అంకుల్?"

అక్కడే ఉంది కిటుకు. 1950ల్లో క్విజ్ షోల్లో జవాబులు ముందే చెప్పేసిన బాగోతం బయటపడ్డాక, పోటీలో ఫలితం తారుమారు చేయడం నేరమని 1960లో అమెరికా చట్టం తెచ్చింది. సరే, ఫలితం జోలికి పోకూడదు. ఫలితానికి కారణం జోలికి పోకూడదని అందులో ఎవరూ రాయలేదు.

2004లో, ట్రంప్ దగ్గర ఉద్యోగం కోసం జనం పోటీపడే 'ది అప్రెంటిస్' వచ్చింది. ఈసారి కంచె ట్రంప్ టవర్. షోలో పనిచేసినవాళ్లు తర్వాత చెప్పిందాన్నిబట్టి, లోపల ఆఫీసు చూస్తే బల్లల అంచులు లేచిపోయి ఉన్నాయి. అందుకని అదే భవనంలో బోర్డ్‌రూమ్ సెట్ వేశారు. ఆ సెట్‌లో కుర్చీ ఎక్కిన ట్రంప్ మహారాజు కేసినో కంపెనీ ఆ ఏడాది నవంబర్లోనే దివాలా పిటిషన్ వేసింది. టీవీలో మాత్రం ఆయన వ్యాపారం ఎలా చేయాలో పాఠం చెబుతున్నాడు.

ట్రంప్ ఎవర్ని తీసేస్తాడో ఆయనకే తెలిసేది కాదట. బాగా ఆడినవాణ్ణి కూడా ఒక్కోసారి "పో" అనేసేవాడట. ఆ తర్వాత ఎడిటర్లు వందల గంటల ఫుటేజీ వెనక్కి తిప్పి, పోయినవాడు ఎందుకు పోవాల్సినవాడో వెతికేవాళ్లు. మన యమలోకంలో చిత్రగుప్తుడు చిట్టా చదివాక యముడు శిక్ష వేస్తాడు. ఇక్కడ యముడు ముందు పాశం విసిరేస్తాడు, చిత్రగుప్తుడు రాత్రంతా మేలుకుని చిట్టా రాస్తాడు. పైగా స్క్రిప్టు లేని షో కాబట్టి ఆ రాసేవాణ్ణి రచయిత అనరు, స్టోరీ ప్రొడ్యూసర్ అంటారు. రచయిత అంటే రచయిత జీతం ఇవ్వాలిగా!

చిట్టా ఎలా రాస్తారంటే, ఓ ముచ్చట చూడు. ఒకమ్మాయి కెమెరా ముందు "సుజాత అంటే నాకు ప్రాణం, ఆవిడ చేసే ఉప్మా అంటేనే అసహ్యం" అంటుంది. కత్తెర వేస్తే, "సుజాత అంటే... అసహ్యం." దీన్ని వాళ్లు ఫ్రాంకెన్‌బైట్ అంటారు, శవాల ముక్కలు కుట్టి బొమ్మకి ప్రాణం పోసిన ఫ్రాంకెన్‌స్టైన్ కథ ఉంది కదా, ఆ పేరు మీద. మన వాక్యంలో అసలు సంగతి చివర్న వస్తుంది కాబట్టి తెలుగు కత్తెరకి ఇంకా సుఖం. మాట వినిపిస్తూ మాట్లాడేవాళ్ల మొహం కనపడక, ఆ క్షణానికి కాఫీ కప్పో సుజాత మొహమో కనిపిస్తే, అక్కడ కుట్టు పడి ఉండొచ్చు.

కుర్రాడు ఫోన్ తీసి ఏదో వీడియో పెట్టుకుని కుట్లు వెతకడం మొదలెట్టాడు. మిగతాది గబగబా చెప్పేశాను. జపాన్‌లో పుట్టిన పెట్టుబడుల బేరం ఆట 2009లో బర్నెట్ చేతిలో 'షార్క్ ట్యాంక్' అయింది, 2021లో మన హిందీలోకీ దిగింది. 2011లో తెచ్చిన పాటల పోటీ 'ది వాయిస్' నెదర్లాండ్స్‌కి చెందిన జాన్ డి మోల్‌ది. 2017 నుంచి మనం రాత్రిళ్లు వంటిల్లు సర్దకుండా చూస్తున్న తెలుగు బిగ్‌బాస్‌కి మూలపురుషుడూ ఆ డచ్ పెద్దమనిషే. 2013లో బర్నెట్ దంపతులు బైబిల్‌ని సీరియల్‌గా తీశారు. ఫార్మాట్ ఫీజు కట్టక్కర్లేని కథ ఆయనకి అదొక్కటే దొరికినట్టుంది. 2024 డిసెంబర్లో ట్రంప్ ఆయన్ని బ్రిటన్‌కి ప్రత్యేక దూతగా ప్రకటించాడు. 22 ఏళ్లప్పుడు ఖాళీ జేబుతో వదిలొచ్చిన దేశానికే, కంచె అద్దె లేకుండా.

"అంటే అంతా అబద్ధమేనా?" అన్నాడు కుర్రాడు.

మా పెళ్లి వీడియో పెట్టి చూపించాను. అప్పగింతలప్పుడు మా అత్తగారు కొంగుతో కళ్లొత్తుకుంటూ ఉంటారు, వెనక సన్నాయి. నిజానికి అవి పొద్దున హోమం పొగకి వచ్చిన నీళ్లు. అప్పగింతల వేళకి ఆవిడ భోజనాల దగ్గర ఆవకాయ అయిపోయిందని కేటరింగ్ వాళ్లతో గొడవపడుతున్నారు, నేను విన్నాను. వీడియో ఆయన ఆ పొగ ముక్క తెచ్చి ఇక్కడ అతికించాడు.

అప్పుడే వంటింట్లోంచి వచ్చి మా వెనక నిలబడ్డారు అత్తగారు. సరిగ్గా ఆ ముక్క దగ్గర కొంగు తీసి కళ్లొత్తుకున్నారు. ఇరవై మూడేళ్లుగా అంతే.