కంప్యూటరుగారి గోత్రనామాలు

తెనాలిలో మేడమీద ఉన్న కంప్యూటర్ని హైదరాబాదులో కూర్చుని లేపాలని పదకొండు రోజులు చూశాను. లేవదు. ఆపేసినా దాని వెనక కేబుల్ గుచ్చేచోట చిన్న లైటు వెలుగుతూనే ఉంటుంది. అంటే చెవి తెరిచే ఉందన్నమాట. వింటూ లేవనివాళ్ళు నాకు కొత్తేం కాదు. మావాడు ఇంటర్ చదువుతున్నాడు.

లేపే మంత్రం పేరు మ్యాజిక్ ప్యాకెట్. విప్పి చూస్తే శుద్ధ అర్చన. ముందు ఎఫ్ఎఫ్, ఎఫ్ఎఫ్ అని ఆరుసార్లు ఆచమనం. ఆపైన మ్యాక్ అడ్రసు పదహారుసార్లు. అన్నీ కలిపి 102 బైట్లు. ఆ అడ్రసులో ఉండేవి ఆరు జతలు: మొదటి మూడూ తయారుచేసిన కంపెనీవి, అంటే గోత్రం; తక్కిన మూడూ ఆ నెట్‌వర్క్ కార్డు సొంతం, నామధేయం. మా వీధి గుళ్ళో పూజారిగారు కౌండిన్యసని కౌశికస చేసేసినా ప్రసాదం చేతిలో పడుతుంది, స్వామి సర్దుకుపోతాడు. ఇక్కడ నాన్న ఫోన్లో చదివిన 8ని నేను ఏ అని రాసుకున్నందుకు నాలుగు రోజులు పోయాయి. అది దిద్దాక తెలిసింది, నాన్న చదివింది వైఫై గోత్రమట, కేబుల్‌ది వేరట! పక్కింటివాళ్ళ పేరున అన్నాళ్ళు అర్చన చేయించాను.

గోత్రం కుదిరింది. అయినా లేవదు. దూరం నుంచి లేపడం కోసం బస్సెక్కి దగ్గరికే వెళ్ళాను. బయాస్‌లో ఈఆర్‌పీ అని ఒకటుంది, యూరప్ వాళ్ళ కరెంటు పొదుపు. అది పెడితే వాళ్ళ పొదుపుకి తెనాలిలో మా కార్డు ఉపవాసం, లైటు కూడా వెలగదు! మాకది ముందే తీసేసి ఉంది. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఉంటే షట్‌డౌన్ కూడా దొంగనిద్రే. అది తీసేశాను. హైదరాబాదు నుంచి పంపిన పిలుపేమో మా రూటర్ గడప దాటదు. చివరికి తెనాలి ఇంట్లోనే రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరు ఒకటి పెట్టి, దానికి చెప్పి దీన్ని లేపిస్తున్నాను. నిద్రపోయేవాణ్ణి లేపడానికి నిద్రే పోనివాణ్ణి పనిలో పెట్టుకున్నాను. దీన్ని సౌకర్యం అంటారు.

పన్నెండో రోజు లేచింది.

అంతకుముందు లేపింది నాన్న. రాత్రి ఎనిమిదింటికి ఫోన్ చేస్తే మెట్లెక్కి బటన్ నొక్కేవాడు. అది లేచేలోపు కాలవకి నీళ్ళొచ్చాయా, ఎవరింట్లో పెళ్ళి, చింతకాయ పచ్చడి ఎంత పట్టారు, అన్నీ చెప్పేవాడు. ఆయన మోకాళ్ళు చూసే ఇదంతా మొదలుపెట్టాను. నిన్న ఆయనే ఫోన్ చేశాడు.

“ఏరా, కంప్యూటరు గానీ పాడైందా? నాలుగు రోజులైంది, ఫోన్ లేదు.”

కరెంటు పోయి వచ్చిందంటే మా కార్డు ఒకసారి చేత్తో ఆన్ చేసేదాకా ఏ పిలుపూ వినదు. కరెంటు రాగానే దానంతటదే లేచేలా బయాస్‌లో సెట్టింగ్ ఉంది. అది మాత్రం మార్చలేదు.