పీరియడ్ కట్... కెమెరా ఆన్!

పాఠాల్లో సాంకేతికతను సృజనాత్మకంగా వాడిన టీచర్లకు కేంద్రం జాతీయ ఐసీటీ అవార్డులిస్తోంది.

మన పంతుళ్లకు ఒక్క అవార్డేం సరిపోతుంది?

2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ సర్కారు బడుల్లోకి ఫోన్‌లో మొహం చూపించే హాజరు వచ్చింది. సిగ్నల్ కోసం మేడెక్కి, ఫోన్ ఆకాశానికెత్తి, బెల్లు కొట్టేలోగా మొహం ఒప్పించాలి. ఇది సృజన కాదంటే కళ్లు పోతాయ్!

అప్పట్లో మరుగుదొడ్డి కడిగారా? ఫొటో.
గుడ్డు పెట్టారా? ఫొటో.
ఫొటోగ్రఫీలో ఫస్ట్ ప్రైజ్ మరుగుదొడ్డికే. గుడ్డుకు కన్సొలేషన్.

అదే ఏడాది డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు బైజూస్ పాఠాలు నింపిన ట్యాబులిచ్చారు. 2024లో బైజూసే దివాలా కేసులో పడింది. లాభనష్టాల లెక్క ప్రాక్టికల్స్‌తో సహా చెప్పిన కంపెనీ ఇంకోటి లేదు. ఈ అవార్డేదో దానికే ఇచ్చేయొచ్చు, తీసుకోవడానికి ఎవరైనా మిగిలుంటే.

ఇక ఆ ఐసీటీ అవార్డు పోటీకి వీడియో పంపాలిగా?
పిల్లలకు తల దువ్వారు, చెప్పులు సర్దారు, డిజిటల్ తెర దుమ్ము దులిపారు. వారంగా లెక్కల పీరియడ్ బంద్.

ఎక్కాలు రాలేదు గానీ, తెర చూసి ఆశ్చర్యపోవడం మాత్రం అందరికీ ఒకే టేక్‌లో వచ్చేసింది.