తీసి ఇచ్చెయ్యాలె

పటాన్‌చెరు దగ్గరి మా ఇంద్రేశంలో ఇప్పుడు ఏ విల్లాలో పుట్టినరోజు జరిగినా, ఎవరో ఒక పిల్ల మెడలో గులాబీ రంగు ఇన్‌స్టాక్స్ కెమెరా వేలాడుతుంటుంది. ఫొటో బయటికి రాగానే పట్టుకుని విసనకర్రలా ఊపుతుంది. ఎందుకమ్మా ఊపుడు? వెనకటి రకం ఫిల్ము పొర ఒలిస్తే తడిగా ఉండేది, గాలికి ఆరబెట్టేవాళ్లం. ఇది ప్లాస్టిక్ కింద మూసే ఉంది, ఆరేదేముంది? ఊపడం అయ్యాక సెల్‌ఫోన్ తీసి, ఆ ఫొటోకే ఇంకో ఫొటో కొడుతుంది. స్టేటస్ పెట్టాక గానీ కాగితం ఎవరి చేతికీ పోదు.

ఇంకో ఘోరం ఉంది. ఫోన్‌లో ఇరవై కొట్టి, ఒకటి ఏరి, మొహం నునుపు చేసి, బుల్లి ప్రింటర్‌లోంచి అదే ఫిల్ము మీదికి దింపుతున్నారు. దాన్ని నేను జిరాక్సు అంటాను.

మా రోజుల్లో ఇన్‌స్టంట్ ఫొటో అంటే పొలరాయిడే. దాన్ని కనిపెట్టిన ఎడ్విన్ ల్యాండ్ 1947లోనే న్యూయార్క్‌లో అప్పటికప్పుడు ఫొటో తీసి చూపించాడు గానీ, నా మనసు పడింది 1972 నాటి ఎస్‌ఎక్స్-70 కెమెరా మీద. ఇక్కడ పటాన్‌చెరులో పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ పుట్టిన ఏడే అదీ పుట్టింది. మడిస్తే కోటు జేబులో పట్టేది. మా బావ దుబాయి నుంచి తెచ్చాడు. ఫిల్ము అయిపోతే మళ్లీ మనకు తెలిసినవాళ్లెవరో విమానం ఎక్కాల్సిందే. ఎండాకాలం వేడికి రంగులు పచ్చబడతాయని ప్యాకును ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన దాచి, ఇంట్లో తిట్లు తినేవాణ్ని.

ఆ ఫొటోకు కింది అంచు వెడల్పుగా ఎందుకుంటుందో ఈ పిల్లల్ని అడగండి. రాసుకోవడానికి అంటారు! మందు సంచీ అక్కడుంటుంది. కాగితం బయటికి వచ్చేటప్పుడు రోలర్లు దాన్ని నలిపి లోపలంతా పరుస్తాయి. ఎస్‌ఎక్స్-70 ఫిల్ములో ఆ పొర కాసేపు మెత్తగానే ఉండేది. పైనుంచి పుల్లతో నొక్కితే రంగులు జరిగేవి. లూకాస్ సమరాస్ అనే ఆయన డెబ్భైల్లో తన మొహాన్నే అట్లా కెలికి కెలికి పెద్ద కళాకారుడని పేరు తెచ్చుకున్నాడు. ఇన్‌స్టాక్స్ మీద ఆ పని సాగదు.

ఎనభైల్లో ఒక బోనాల పండుగకు పోతరాజును తీశాను. ఒళ్లంతా పసుపు, నడుముకు గజ్జెలు, చేతిలో ఈరగోల కొరడా. రంగు తేలుతుండగా ఎండిపోయిన రీఫిల్‌తో ఈరగోల చుట్టూ నొక్కుతూ పోయాను. పసుపు సుడి తిరిగి ఆకాశంలోకి పాకింది. ఆట ఆగినంక ఆ పిలగాడు వచ్చి చూసి, "నాకో కాపీ కడిగియ్యే మామా" అన్నాడు.

"కడిగేది లేదు బిడ్డా. నెగెటివ్ ఉండదు దీనికి. ఇదొక్కటే."

"అయితే ఇదే తీస్కపోత" అని పట్టుకపోయాడు. వాళ్ల ఇంట్లో దేవుని గూట్లో చాలా ఏండ్లుంది. నేను తీసినవాటిలో మంచివన్నీ అట్లా ఊరోళ్ల ఇండ్లకే పోయాయి. ఆల్బమ్ చూపించమంటే ఏం చూపించను?

2008లో పొలరాయిడ్ ఫిల్ము ఆపేస్తున్నామంది. నెదర్లాండ్స్‌లో మూతపడ్డ ఫ్యాక్టరీని కొందరు పిచ్చోళ్లు పట్టుకుని, 2010లో కొత్త ఫిల్ము తెచ్చారు. వాళ్లకు దండం పెట్టాలి, పెడతాను. కానీ మా రోజుల్లో ప్యాకుకు 10 వచ్చేవి, ఇప్పుడు 8. మిగతా రెండూ ఏవని అడిగితే, దుకాణంలో పిల్లగాడు ప్యాకును అటూ ఇటూ తిప్పి, "ఎమ్మార్పీ ఇంతే అంకుల్" అన్నాడు.