రాణిగారికి మన ఏజెంటు దొరికుంటే!

విక్టోరియా రాణిగారికి హైదరాబాద్ శివారు తెల్లాపూర్ రియల్ ఎస్టేట్ ఏజెంటు ఒక్కడు దొరికుంటే సామ్రాజ్యం ఇంకో రెండు ఖండాలు నిండేది. పాపం, దొరలకు అమ్మడం రాదు. 1860లో దక్షిణాఫ్రికాలోని నేటాల్ చెరకు తోటలకు మనుషులు కావాలని దళారులను ఊళ్ల మీదికి తోలారు. తెలుగువాళ్లనూ తమిళులనూ మద్రాసులో ట్రూరో ఓడ ఎక్కించి, నవంబరు 16న డర్బన్‌లో దించారు. ఓడ ఛార్జీలు కూడా ఎదురు పెట్టుకున్నారు. ఎంత అమాయకత్వం!

మనవాడైతే చెరకు తోటకు 'షుగర్ కౌంటీ' అని పేరు పెట్టేవాడు. కూలీల బారక్కు 'కమ్యూనిటీ లివింగ్' అయ్యేది. 'రేవుకు పది నిమిషాలే, ఆఫర్ ఆదివారం వరకే' అంటే చాలు, జనం పుస్తెలు కుదువపెట్టి సొంత ఖర్చుతో ఓడెక్కేవారు.

చట్టమంటారా? రిజిస్టర్ కాని ప్రాజెక్టుకు ప్రకటన కూడా ఇవ్వొద్దంటుంది 2016 నాటి రెరా. మనవాడు ప్రకటన ఇవ్వడుగా! 'ప్రీ-లాంచ్ సార్, మీకు మాత్రమే' అని వాట్సాప్‌లో వెయ్యిమందికి రహస్యంగా చెబుతాడు.

నేటాల్ కూలీ ఒప్పందం ఐదేళ్లు. తెల్లాపూర్ ఈఎంఐ ఇరవై ఏళ్లు. అక్కడ పారిపోయిన కూలీ కోసం దొర వెతికేవాడు. ఇక్కడ పారిపోయిన బిల్డరు కోసం కొన్నవాడే వెతుక్కోవాలి!