గ్యాస్ అయిపోయిందండీ!

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలు చెప్పారు. ఇప్పుడు ఇళ్లలో రోళ్లెక్కడివి? ఆ పని ఏసీలు నెత్తిన వేసుకున్నాయి. ఫిబ్రవరిలో వేసి చూస్తే దుప్పటి కప్పించినవే, బెజవాడలో ఎండ 44 దాటి, హైదరాబాదు నుంచి కూతురూ అల్లుడూ పిల్లలతో దిగిన మధ్యాహ్నం చూసుకుని వేడిగాలి వదులుతాయి.

కంప్లయింట్ పెట్టిన మూడోనాటికి మెకానిక్ వస్తాడు. మూత తీయడు. సంచి దింపడు. నాడి చూసే వైద్యుడిలా గాలికి అరచెయ్యి అడ్డం పెట్టి, ఒక్క క్షణం కళ్లు మూసి, "గ్యాస్ అయిపోయిందండీ" అంటాడు. 3 వేలు. వచ్చి చూసినందుకు 500, అది వేరే.

వంటింట్లో గ్యాస్ నిజంగానే అయిపోతుంది కనక పడకగదిలోదీ అయిపోతుందని నమ్మేస్తాం. ఏసీలో గ్యాస్ మండదు, ఖర్చవదు. సీలు చేసిన రాగి గొట్టాల్లో ఒకసారి ద్రవమై, ఒకసారి ఆవిరై, గదిలోని వేడిని బయటికి మోసి మళ్లీ లోపలికొస్తుంది. ఫ్యాక్టరీలో పోసింది యంత్రం పోయేదాకా సరిపోవాలి. తగ్గిందంటే ఎక్కడో చిల్లు పడినట్టు. ఆ చిల్లు పట్టుకోవాలంటే నైట్రోజన్ ఎక్కించి, జాయింట్లకు సబ్బు నురగ రాసి, బుడగ ఎక్కడ లేస్తుందా అని కాచుకుని కూర్చోవాలి. అతుకు పెట్టాలి. వాక్యూమ్ పంపుతో గొట్టంలో గాలీ తేమా లాగెయ్యాలి. అప్పుడు కాటా మీద తూచి గ్యాస్ ఎక్కించాలి. సగం పూట పని. చిల్లు జోలికి పోకుండా గ్యాస్ మాత్రం ఎక్కిస్తే అరగంటలో తేలిపోతుంది. ఆ వేసవి గడిచిపోతుంది. వచ్చే రోహిణికి మళ్లీ అదే అరచెయ్యి, అదే మాట. భద్రాచలంలో కల్యాణం ఏటా జరుగుతుంది, మనింట్లో గ్యాస్ ఫిల్లింగూ ఏటా జరుగుతుంది. కాకపోతే దీనికి సర్కారు వారు పట్టుబట్టలు పంపరు.

"వారంటీ ఉంది కదయ్యా, పదేళ్లు!" అని కాగితం పట్టుకుని వీరావేశంతో లేస్తారు ఇంటి యజమాని. ఉంది. కంప్రెసర్‌కి. మిగతా యంత్రానికి చాలావాటిలో ఏడాదే. కంప్రెసర్ పోతే ఉచితంగా ఇస్తారు. దాన్ని దింపడానికి కూలి, తీసుకెళ్లడానికి ఆటో, బిగించడానికి మళ్లీ కూలి, కొత్తగా నింపే గ్యాసు, వీటన్నిటి మీద జీఎస్టీ మాత్రం మనవి. ఉచితానికి ఇంత ఖరీదుంటుందని ఎన్నికలప్పుడు కూడా ఎవరూ చెప్పలేదు.

పోయింది సర్క్యూట్ బోర్డు (పీసీబీ) అయితే కథ ఇంకోలా నడుస్తుంది. అవుట్‌డోర్ యూనిట్ వెచ్చగా ఉంటుంది కాబట్టి అందులోకి బల్లి దూరుతుంది, బోర్డు మీద అడ్డం పడి తానూ పోతుంది, బోర్డునూ తీసుకుపోతుంది. "బల్లి పడితే వారంటీ వర్తించదండి" అంటారు ఫోన్లో అమ్మాయి, ఎంతో మర్యాదగా. మన పంచాంగకర్తలు బల్లిపాటుకు తల మీద పడితే ఏమిటి, భుజం మీద పడితే ఏమిటి, కుడి పాదమైతే ఏమిటి అని ఒళ్లంతా ఫలితాలు రాశారు గానీ బోర్డు మీద పడితే ఏమిటో వదిలేశారు. వచ్చే ఉగాదికైనా చేర్చాలి: ధననష్టం, 7 వేలు, స్త్రీ పురుషులకు సమానం.

ఇంతలో ఓటీపీ ఘట్టం. గది ఇంకా చల్లబడలేదు, "ఓటీపీ చెప్పండి సార్, కంప్లయింట్ క్లోజ్ చెయ్యాలి." రిపేరు కాకుండా క్లోజ్ ఏమిటి నాయనా? "పార్టు రావాలి సార్. వచ్చాక మళ్లీ కొత్త కంప్లయింట్ పెట్టండి." గడువులో క్లోజ్ కాకపోతే అతనికి కోత పడుతుంది. మనం అంకెలు చెబుతాం. ఏసీ తెరుచుకోదు, కంప్లయింట్ మూసుకుంటుంది. పై కార్యాలయంలో ఒక గ్రాఫు పైకి లేస్తుంది. చివర్లో, "ఫోనొస్తుంది సార్, ఐదు స్టార్లు ఇవ్వండి."

ఈ కుర్రాణ్ని తిట్టడం తేలిక. చాలామందికి జీతం ఉండదు, కాల్‌కింత అని లెక్క. బండి పెట్రోలు సొంతం. కంపెనీ పేరు చొక్కా మీదే ఉంటుంది, మనిషి మాత్రం ఏ ఫ్రాంచైజీ వాడి కిందో ఉంటాడు. మనవాళ్లు అవుట్‌డోర్ యూనిట్‌ను పావురాలకు తప్ప ఎవరికీ అందనిచోట, మూడో అంతస్తు సజ్జ చివర బిగిస్తారు. మిట్టమధ్యాహ్నం అతను కిటికీ చువ్వ ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో స్పానర్ తిప్పుతుంటాడు. నడుముకి తాడు లేదు. కింద మంచినీళ్ల గ్లాసుతో మనం, "ఓ 200 తగ్గించుకోవయ్యా" అంటాం. 40 వేల కొత్త ఏసీకి వాయిదాల కాగితం ముందు పెట్టినవాడితో మాత్రం ఇలా ఒక్కసారీ బేరమాడం. అక్కడ సంతకం ఎక్కడ పెట్టాలో అడుగుతాం, అంతే.

ఆ కాగితం దాకా మనల్ని నడిపించే దారి కూడా ముచ్చటైనదే. మా పై వాటా మాస్టారికి పన్నెండేళ్ల పాత ఏసీ ఉండేది. అందులో ఆర్-22 గ్యాసు. "ఈ గ్యాస్ బ్యాన్ అయింది మాస్టారూ, ఓజోన్ పొరకి చిల్లు" అన్నాడు మెకానిక్. 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం విజయవాడలో సేల్స్‌మన్ అవతారం ఎత్తుతుందని దాన్ని రాసినవాళ్లు ఊహించి ఉండరు. మెకానిక్ మాట సగం నిజమే. ఆ గ్యాసుతో కొత్త ఏసీలు చెయ్యడం ఆగిపోయింది గానీ, ఉన్నవాటిని బాగుచేసుకోవడానికి ఇంకా గడువుంది. మిగతా సగం చెప్పడం అతని ఉద్యోగంలో భాగం కాదు. ఆకాశంలో చిల్లుకి అంత బాధపడినవాడు, మాస్టారి ఏసీ గొట్టంలో చిల్లుందో లేదో మాత్రం చూడలేదు. "కంప్రెసర్ పోయింది, 14 వేలు. దానికి ఇంకొంచెం వేస్తే కొత్తదే వస్తుంది" అన్నాడు.

ఇంకొంచెం అంటే 26 వేలు.

షాపులో వాయిదాలకు వడ్డీ లేదన్నారు. సున్నా శాతం వడ్డీ అనేదే లేదని, వడ్డీని ప్రాసెసింగ్ ఫీజులో దాస్తున్నారని రిజర్వు బ్యాంకు 2013లోనే చెప్పింది. దాంతో 'సున్నా శాతం' పోయి 'నో కాస్ట్' వచ్చింది. 2025 సెప్టెంబరు 22న ఏసీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది కదా అని మాస్టారు గుర్తుచేశారు. "అది కలిపే ఈ రేటు మాస్టారూ" అన్నారు. దేన్ని దేనితో కలిపారో అడిగితే క్లాసు అయిపోయేలా లేదని ఊరుకున్నారు.

ఇన్‌స్టలేషన్ ఉచితం. స్టాండు, స్టెబిలైజరు, గోడకు రంధ్రం, 3 మీటర్లు దాటిన రాగి గొట్టం ఉచితం కాదు. మాస్టారి గొట్టం 5 మీటర్లు పట్టింది. ఎవరి గొట్టమూ 3 మీటర్లలో సరిపోయిందని నేను వినలేదు. అసలు 1902లో విల్లిస్ క్యారియర్ బ్రూక్లిన్‌లోని ఒక ప్రింటింగ్ ప్రెస్ కోసం మొదటి ఆధునిక ఏసీకి నమూనా గీశాడు. ఉద్దేశం మనుషుల్ని చల్లబరచడం కాదు, తేమకు కాగితం ఉబ్బకుండా చూడటం. అప్పటి నుంచీ దాని ధ్యాసంతా కాగితాల మీదే.

పాత ఏసీని ఎక్స్ఛేంజ్‌లో 2 వేలకు తీసుకుపోయారు. మొన్న మాస్టారి మనవడు కాలేజీ దగ్గర కొత్త హాస్టల్లో చేరాడు. గదిలో ఏసీకి ఒక మూల, వాడు రెండో క్లాసులో ఉండగా అంటించిన ఛోటా భీమ్ స్టిక్కర్ అలాగే ఉందిట. వార్డెన్‌ని అడిగితే, "మొన్నే సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాం బాబూ, 15 వేలు. కండిషన్ బ్రహ్మాండం. కెపాసిటర్ ఒక్కటే పోయిందట, అమ్మినవాడే 300 పెట్టి మార్చి ఇచ్చాడు" అన్నాడు. నెలకు ఏసీ గది అద్దె అదనంగా 2 వేలు. మాస్టారే కడుతున్నారు.