ఓటెయ్యమని పిల్లల్ని పోరు పెట్టకండి

ఇరవై ఏళ్ళ పిల్లలున్న ఇళ్ళకు నేను చెప్పేది పెడసరంగానే ఉంటుంది. ఓటు విలువ గురించి వాళ్ళకు ఒక్క ముక్క కూడా చెప్పకండి. "మీ నానమ్మ ఈ వయసులో కర్ర పట్టుకుని వెళ్ళి వేసొచ్చింది, నీకేం రోగం?" అని అసలే అనకండి. నానమ్మ బూత్ పక్క వీధి బళ్ళో ఉంది. వీడి ఓటు ఒంగోలు దగ్గర పల్లెలో, వీడేమో మియాపూర్ హాస్టల్లో.

2024 మే 13 పోలింగుకు ముందు హైదరాబాద్ నుంచి విజయవాడ హైవే మీద కార్లు, బస్సులు బారులు తీరాయి. వాటిలో కుర్రకారూ ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 82 శాతం పోలైంది. అదే రోజు హైదరాబాద్ లోక్‌సభ స్థానంలో సగం కూడా కాలేదు. మనిషొక చోట, పేరొక చోట ఉంటే దేశభక్తి గురించి ఎంత చెప్పీ లాభం లేదు.

అందుకని ఊళ్ళో ఓటు వదిలించెయ్యండి. పెద్దలు ఒప్పుకోరని తెలుసు. "ఓటు పోతే రేషన్ కార్డూ పోతుంది" అంటారు. అది వేరు, ఇది వేరు. ఫారం 8 నింపితే ఓటు ఉంటున్న చోటికి మారుతుంది. విద్యార్థి అయితే హాస్టల్ అడ్రస్ మీదే నమోదు చేసుకోవచ్చు. రెండు చోట్లా పేరు ఉంచుకోవడం మాత్రం నేరం.

పద్దెనిమిది నిండేదాకా ఆగకండి. పదిహేడు దాటగానే కొత్త ఓటుకు ఫారం 6 పెట్టించండి. పద్దెనిమిది నిండాయో లేదో చూసే అర్హత తేదీలు ఏడాదికి నాలుగున్నాయి: జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబర్ ఒకటో తేదీలు.

85 దాటినవారు కోరితే 2024లో సిబ్బంది ఇంటికే వచ్చి ఓటు వేయించుకున్నారు. మంచి పని. వలస ఓటర్లకు మాత్రం అలాంటిదేమీ లేదు. 2023 జనవరిలో వాళ్ళు ఉన్న చోటి నుంచే ఓటేసే రిమోట్ ఓటింగ్ యంత్రాన్ని చూపిస్తామని ఎన్నికల సంఘం పిలిస్తే చాలా పార్టీలు వద్దన్నాయి. కుర్రాళ్ళకు బాధ్యత లేదనే నాయకులు ముందు దీనికి జవాబు చెప్పాలి.

ఓటరు కార్డుంది కదా అని ధీమాగా ఉండకండి. జాబితాలో పేరు లేకపోతే కార్డున్నా ఓటు లేదు. నామినేషన్ల గడువు దాటాక కొత్త పేరు ఎక్కదు. ఈ ఆదివారమే పక్కన కూచోబెట్టుకుని వాడి పేరు వెతికించండి.