పిట్టకు పేరుంది, ఆయాకు లేదు

కలకత్తా, 1780 ప్రాంతం. నీటిరంగుల్లో ఒక దొర కుటుంబం. దొరసాని, ముద్దులొలికే పిల్లలు, చుట్టూ ఆయాలు, దర్జీలు, బోలెడుమంది నౌకర్లు. చూడముచ్చటైన సంసారం!

ఇంతకీ దొరెవరు? సర్ ఎలైజా ఇంపే. ఫోర్ట్ విలియం సుప్రీంకోర్టు తొలి ప్రధాన న్యాయమూర్తి. గవర్నర్ జనరల్ వారెన్ హేస్టింగ్స్ లంచం తిన్నాడని బెంగాల్ మహారాజా నందకుమార్ బయటపెట్టాడు. ఉరి ఎవరికి పడింది? 1775లో, ఫోర్జరీ కేసులో, నందకుమార్‌కే! హేస్టింగ్స్, ఇంపే ఒకే బళ్లో చదువుకున్న నేస్తాలు. లండన్ పార్లమెంటులో ఇంపేపై అభిశంసన పెడితే 1788లో అదీ వీగిపోయింది. ధర్మం నాలుగు పాదాలా నడిచిందన్నమాట!

ఆ చిత్రానికి పదేళ్ల ముందే బెంగాల్‌లో కరువు. లక్షలాది మంది ఆకలితో చచ్చారు. ఈస్టిండియా కంపెనీవారు మాత్రం శిస్తు వదల్లేదు. ఆ ఊసు ఈ రంగుల్లో ఎక్కడైనా తగులుతుందా?

దొరసానికి పక్షులంటే పంచప్రాణాలు. పట్నా చిత్రకారులు షేక్ జైనుద్దీన్, భవానీదాస్, రామ్‌దాస్‌ల చేత మూడు వందలకు పైగా బొమ్మలు గీయించింది. పక్షి బొమ్మ మీద పక్షి పేరు, గీసినవాడి పేరు, వాడి ఊరు, సంవత్సరం. భేష్! మరి దొరబిడ్డలను పెంచిన ఆయా పేరు? లేదు. ఆవిడకు రెక్కలు లేవు కదా పాపం.

ఈ బాపతు చిత్రాలకు పండితులు పెట్టిన పేరు ‘కంపెనీ శైలి’. చెయ్యి పట్నావాడిది, బ్రాండు ఈస్టిండియా కంపెనీది. ఈ చిత్రకారుల కోసమే బ్రిటన్‌లో తొలి ప్రదర్శన ఎప్పుడు పెట్టారు? 2019లో, లండన్‌లోని వాలెస్ కలెక్షన్ మ్యూజియంలో. అబ్బో, ఎంత తొందరో!

మ్యూజియం పెద్దలారా, వలస పాలన మీద మీ పశ్చాత్తాప ప్రకటనలు చదివి చదివి కళ్లు నొప్పెట్టాయి. ఇక చాలు. దొర పేరు పక్కన ‘నందకుమార్‌ను ఉరితీయించినవాడు’ అని రాయండి. ఆయా పక్కన ‘ఈమె పేరు ఎవరూ రాసిపెట్టలేదు’ అని రాయండి. రెండే వాక్యాలు. సిరా ఖర్చు మేం పెట్టుకుంటాం.

నవ్వుతున్నారా? ఆగండి. అపార్టుమెంట్లలో పనివాళ్లకు వేరే లిఫ్టు పెట్టింది ఇంపే దొరా? గృహప్రవేశం ఫొటోలోంచి వంటావిడను పక్కకు జరగమన్నది హేస్టింగ్సా? మీ కుక్కపిల్ల పేరు వాచ్‌మన్‌కి కూడా తెలుసు. పదేళ్లుగా మీ అంట్లు తోముతున్న మనిషి ఇంటిపేరు మీకు తెలుసా? లండన్‌కు ఉత్తరం తర్వాత రాద్దురుగాని, ముందు ఆ మాట అడిగి రండి.